బట్ట సముద్రం

కాళ్ళు లోపలికి పెట్టుకో కన్నా, దుప్పటి సరిగ్గా కప్పుకో. ఆఁ, ఇప్పుడు విను.

అనగా అనగా, సముద్రం వీధి మొగదాకా వచ్చి తొంగిచూసి వెళ్ళిపోయే ఒక ఊళ్ళో ఎర్రయ్య అనే జాలరి ఉండేవాడు. అతని భార్య పేరు దానమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, పైడమ్మ. ఏడేళ్ళది. అందరూ పైడీ, పైడీ అని పిలిచేవాళ్ళు.

ఎర్రయ్య రోజూ పొద్దున్నే పడవ తోసుకుని వేటకి వెళ్ళేవాడు. సాయంత్రానికి చేపలతో తిరిగొచ్చేవాడు. పైడికి అదేమీ భయంగా ఉండేది కాదు. అయ్య వెళ్తాడు, అయ్య వస్తాడు. అంతే.

ఒక ఏడాది ఆ ఊరికి నాటకాలవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఆడేది 'పగడాలదీవి' అనే పాటల నాటకం. దానికి ఎంత పేరంటే, బండ్లు తోలేవాళ్ళూ, నాట్లు వేసేవాళ్ళూ కూడా ఆ పాటలే పాడుకునేవాళ్ళు. ఉప్పు గోదాము ముందు డేరా వేసి తెరలు కట్టారు. మూడు రోజులు ఆడతాం, పొద్దుండగా మొదలెట్టి దీపాలవేళకి ముగిస్తాం అని దండోరా వేయించారు.

మొదటి రోజు దానమ్మ పైడిని తీసుకెళ్ళింది. తెర లేచింది. హార్మోనియం మోగింది. మకరందుడనే వర్తకుడు వచ్చాడు. చెవులకి పోగులు, ఇంతేసి మీసాలు. పెళ్ళానికి పగడాలు తెస్తానని పాట పాడి పడవెక్కాడు.

అప్పుడు నీలంగా సముద్రం లేచింది. ఉరుములు ఉరిమాయి. పడవ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, మునిగిపోయింది. మకరందుడి చెయ్యి ఒక్కటే పైకి కనిపించింది. ఆ తర్వాత అదీ మునిగిపోయింది.

"అయ్యా!" అని పైడి కేక పెట్టింది. ఆ కేకకి హార్మోనియం ఆగిపోయింది. జనమంతా నవ్వారు. దానమ్మ పిల్లని ఎత్తుకుని ఇంటికొచ్చేసింది.

మర్నాడు పొద్దున ఎర్రయ్య వల భుజాన వేసుకోగానే పైడి వచ్చి కాలికి చుట్టుకుంది.

"ఎల్లొద్దయ్యా! సముద్రం మింగేత్తది!"

"అది నాటకమే తల్లీ! ఉత్తుత్తిది."

"నాను చూసినాను. సెయ్యి కూడా మునిగిపోనాది."

ఎంత చెప్పినా వదల్లేదు. కాలు విదిలించుకుని వెళ్ళడానికి ఎర్రయ్యకి మనసొప్పలేదు. పడవ ఒడ్డునే ఉండిపోయింది.

అప్పుడు దానమ్మ ఒక ఆలోచన చేసింది. నాటకం చివర్లో మకరందుడు తిరిగొస్తాడట. అది చూపిస్తే పిల్ల ఊరుకుంటుంది అనుకుంది. రెండో రోజు మళ్ళీ తీసుకెళ్ళింది. కానీ చివరిదాకా ఉంటేగా! సముద్రం లేవగానే పైడి చెవులు మూసుకుని బయటికి పరిగెత్తింది. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. గంజి కూడా గొంతు దిగలేదు.

మూడో రోజూ పడవ కదల్లేదు. పిల్ల జ్వరంలోనూ అయ్య చెయ్యి వదల్లేదు. తోటి జాలర్లందరూ వెళ్ళిపోయారు. ఎర్రయ్య అలా గుమ్మంలో కూర్చునే ఉన్నాడు.

ఇంక దానమ్మకి ఉండబట్టలేదు. తిన్నగా డేరాకి వెళ్ళింది. అక్కడ ఒక పెద్దావిడ తల దువ్వుకుంటోంది. ఆవిడ పేరు సుభద్రమ్మ.

"అమ్మా, మీ నాటకం చూసి మా పిల్ల వాళ్ళయ్యని గడప దాటనివ్వడం లేదు. తిండి తినడం లేదు. మీరే ఏదన్నా చెయ్యాల" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది దానమ్మ.

సుభద్రమ్మ దువ్వెన పక్కన పెట్టేసింది. "అయ్యో, ఎంత పనైంది! మధ్యాహ్నం ఎత్తుకుని తీసుకురండి. చూద్దాం" అంది.

మధ్యాహ్నం జనం ఎవరూ లేరు. పైడిని తెర పక్కన పీట మీద కూర్చోబెట్టారు. మకరందుడొచ్చాడు. పడవెక్కాడు. పైడి వాళ్ళమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఇటొకడు, అటొకడు నిలబడి పెద్ద నీలంబట్ట పట్టుకుని ఊపారు. వెనకాల ఒకడు రేకు దబదబా వాయించాడు. పడవ ఒరిగింది. చెయ్యి లేచింది, మునిగింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? బట్ట కింద ఏదో బుడిపెలా కదిలింది. పిల్లిలా పాకుతూ, పాకుతూ వచ్చి, సరిగ్గా పైడి కాళ్ళ దగ్గర బయటపడింది. నాలుగు తుమ్ములు తుమ్మింది. మీసాలు ఊడబెరికింది. చూస్తే ఎవరూ? సుభద్రమ్మ!

పైడి నోరు తెరిచేసింది. "నువ్వా! మునిగిపోలేదా?"

"మునిగానమ్మా. ఇరవై ఏళ్ళుగా రోజూ మునుగుతూనే ఉన్నాను. మోకాళ్ళు కొట్టుకుపోవడం తప్ప ఏమీ కాలేదు."

పైడి నవ్వబోయి ఆగింది. "మరి మా అయ్య సముద్రం బట్టది కాదు కదా?"

సుభద్రమ్మ అబద్ధం చెప్పలేదు. "కాదు తల్లీ. కానీ మీ అయ్యకి ఈత వచ్చు. గాలి చూడటం వచ్చు, మబ్బు చూడటం వచ్చు. నాకు అవేవీ రావు. నన్ను మీ అయ్య సముద్రంలో దింపావనుకో, మీసాలతో సహా బుడుంగున పోతాను."

అప్పుడు పైడి పకపకా నవ్వింది. రెండు రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు విని దానమ్మ అక్కడే చతికిలబడి, "హమ్మయ్య" అంది. ఆ తర్వాత పైడి బట్ట కొస పట్టుకుని తనే సముద్రాన్ని ఊపింది. ఊపి, ఊపి, ఆకలేస్తోంది అంది.

ఆ సాయంత్రం ముగ్గురూ వెళ్ళి అందరికంటే ముందు కూర్చున్నారు. ఎర్రయ్య నాటకం చూడటం అదే మొదలు. సముద్రం లేచింది. పడవ మునిగింది. పక్కన ఏదో చప్పుడైతే పైడి తిరిగి చూసింది. పెద్ద పెద్ద గాలివానలు దాటొచ్చిన ఎర్రయ్య, తువ్వాలు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు!

"ఏడవకయ్యా" అని పైడి చెవిలో చెప్పింది. "ఆవిడ బతికే ఉంది. బట్ట కింద పాకుతోంది."

"నాకూ తెలుసే. అయినా ఏడవనీ తల్లీ, పేణం ఆయిగా ఉంది."

పైడి మళ్ళీ నాటకం వైపు తిరిగింది. అక్కడ మకరందుడి పెళ్ళాం కువలయ ఒడ్డున నిలబడి మొగుడి కోసం పాడుతోంది. అంతా తెలిసిన పైడికి కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ భయం లేదు. ఆ నీళ్ళు తుడుచుకోబుద్ధి కాలేదు. చివర్లో మకరందుడు పగడాలతో తిరిగొస్తే, ఊరంతా వినేలా ఈల వేసింది.

ఆ పూటనించి పైడికి నాటకమంటే ప్రాణం. పదూళ్ళ అవతల తెర కట్టినా నడిచివెళ్ళి చూసేది. పెద్దయ్యాక తనూ ముఖానికి రంగు వేసుకుంది. అదంతా తర్వాతి మాట. ముందు మర్నాడేమైందో విను.

మర్నాడు ఎర్రయ్య వల భుజాన వేసుకున్నాడు. పైడి కాలు పట్టుకోలేదు. సద్దిమూట చేతికిచ్చి, "మబ్బు చూసుకో అయ్యా" అంది.

సాయంత్రం ఒడ్డుకెళ్ళి నిలబడింది. ఒక పడవ వచ్చింది. అది కాదు. ఇంకో పడవ వచ్చింది. అదీ కాదు. పైడి ఒకసారి మబ్బు వైపు చూసింది. అప్పుడు అల మీద ఊగుతూ మూడో పడవ వచ్చింది. నీళ్ళోడుతున్న బట్టలతో, బుట్టెడు చేపలతో ఎర్రయ్య ఇసక మీద కాలు పెట్టాడు.

పైడి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. అది చూసి ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరూ కొట్టారు. పాపం ఎర్రయ్యకి ఏం చెయ్యాలో తెలియలేదు. మకరందుడిలాగే నడుం వంచి అందరికీ దణ్ణం పెట్టాడు.

కథ చేరె కంచికి,
పడవ చేరె ఒడ్డుకి,
అయ్య చేరె ఇంటికి,
నిద్ర చేరె కంటికి.