చేప గుర్తు అంచు

శంభులింగ గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు చిన్న ప్రశ్న వేస్తే కూర్చున్నచోటే జవాబు చెప్పేవారు. పెద్ద ప్రశ్న వేస్తే మాత్రం కండువా భుజాన వేసుకుని బయల్దేరేవారు.

ఆ రోజు తిప్పన అడిగింది పెద్ద ప్రశ్నే. ఆయన దగ్గరే చదువుకున్న తిప్పన ఇప్పుడు రాజుగారి పన్నుల అధికారి. నూలుపాడు సాలెవాళ్లు ఏటేటా మగ్గానికో దుప్పటి రాజుకు పన్నుగా ఇస్తారు. వెనకటి దుప్పట్లు కప్పుకుంటే మాఘమాసపు చలి కూడా దగ్గరికి వచ్చేది కాదు. తిప్పన అధికారి అయ్యాక వస్తున్నవి ఉత్త జల్లెడలు. "వచ్చే ఏడూ ఇలాంటివే తెస్తే ఉద్యోగం ఊడుతుంది" అని రాజుగారు అందరి ముందూ అనేశారు. పాపం, తిప్పనకు ఆ పూట అన్నం సయించలేదు.

"గురువుగారూ, మగ్గానికి రెండేసి అడగనా? లేక కొరడా పట్టుకోనా?"

గురువుగారు కండువా అందుకున్నారు.

ఇద్దరూ రాజుగారి ధర్మవైద్యశాలకు వెళ్లారు. పన్ను దుప్పట్లన్నీ చేరేది అక్కడికే. కోడలి పురిటికని నూలుపాడు నుంచి వచ్చిన నీలవ్వ అనే ముసలామె పక్కల మధ్య తిరుగుతూ దుప్పటి అంచులు తిప్పి చూస్తోంది. అంచు మీద ఎవరింటి గుర్తు వాళ్లు నేయడం ఆ ఊరి ఆచారం. రాజుకిచ్చే వస్తువు మీద సాలెవాళ్ల గుర్తులేమిటని ఆ ఆచారాన్ని మాన్పించి, అన్నిటి మీదా రాజముద్ర సింహాన్ని నేయించింది తిప్పనే. అందుకు అప్పట్లో రాజుగారి చేత మెడలో హారం కూడా వేయించుకున్నాడు.

జ్వరంతో వణుకుతున్న ఒకామె దగ్గర నీలవ్వ ఆగింది. ఆమె మీదున్నది పాత దుప్పటి.

"ఇదిగో చేప! మా ఇంటి చేపే తల్లీ, మా ఆయన నేసింది. బాగా కప్పుకో. మేం కట్టిన పన్ను ఎంత వెచ్చగా ఉందో చూడు."

అలా అంటున్నప్పుడు ఆ ముసలామె వంగిన నడుం నిటారుగా నిలబడింది. మహారాణికి కూడా అంత ఠీవి ఉండదనిపించి తిప్పనకు ముచ్చటేసింది. అంతలో ఆమె పక్కనున్న సింహం దుప్పటిని చూసి, అంచైనా తాకకుండా ముందుకు నడిచింది.

తిప్పన ఉండబట్టలేక అడిగాడు. "అదీ మీ ఊరిదే కదవ్వా?"

"మా ఊరిదేంటి, మా ఇంటిదే అయ్యుండొచ్చు. మాదని చెప్పుకోలేని గుడ్డని ఎవరు బాబూ ఒళ్లు దాచుకోకుండా నేసేది?"

తిప్పన చెవులు వేడెక్కాయి. అయినా దాచలేదు. "ఆ సింహాన్ని పెట్టమన్నది నేనేనవ్వా."

నీలవ్వ అతణ్ని ఎగాదిగా చూసింది. "అయితే తీసెయ్యమనాల్సిందీ నువ్వే."

బయటికి వచ్చాక తిప్పన గురువుగారిని అడిగాడు. "సింహాన్ని తీసేస్తానంటే, ఈ వైద్యశాల నాది కాదా అని రాజుగారు నా మీద విరుచుకుపడరా?"

గురువుగారు నవ్వారు. "నాది అని ఆయనా అనొచ్చు, నీలవ్వా అనొచ్చు. ఇద్దరిలో ఎవరు ఆ మాట అనడం మానేశాక రోగులకు చలి పుట్టిందో, వెళ్లి ఆయనకే చెప్పు నాయనా."