సింగారి ఎగచేపిన పాలు

కొండ కింద గురవయ్య బీడులో మేసే పాడి పశువులు రెండే. ఒకటి సింగారి అనే గేదె, రెండోది పొడ అనే ఆవు. సింగారి అయిదు ఈతల మనిషి. కొట్టంలో పెత్తనమంతా తనదేనని దాని నమ్మకం. కుడితి ముందు దానికే పెట్టాలి, మేతకు తోలితే ముందు అదే నడవాలి. పొడ మాత్రం పెట్టింది తిని ఊరుకునే రకం.

వేపచెట్లు పూతకొచ్చే రోజుల్లో పొడ తొలిచూలు ఈనింది. ఇక చూడండి సంబరం. గురవయ్య పెళ్ళాం చెంచులక్ష్మి బాలింతకు చేసినట్టే చేసింది. ఉలవలు ఉడకబెట్టి బెల్లం కలిపి పెట్టింది. వేన్నీళ్ళతో ఒళ్ళు తుడిచి గోనెపట్టా కప్పింది. పిల్లలు దూడ మెడకు గంట కట్టి దాన్ని వదిలి కదలలేదు. సింగారి తొట్టిలో మామూలు కుడితే పడింది, అదీ పొద్దెక్కాక.

సింగారికి ఒళ్ళు మండిపోయింది. మూడు నెలల కింద పెయ్యదూడను ఈనినప్పుడు తనూ ఇవే ఉలవలు, ఇదే బెల్లం తిన్నది. కానీ తిన్నది ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

"ఏమే పొడా, ఉలవలు బాగున్నాయా?" అని అడిగింది.

"బాగున్నాయక్కా. నువ్వూ రెండు ముద్దలు తిందువు రా."

"నీ ఎంగిలికి నేనొస్తానా? నిన్నగాక మొన్న పుట్టినదానివి, నాకు పెట్టే దానివయ్యావా?"

ఆ సాయంత్రం బీడు గట్టు మీద నక్క కనిపించింది. "ఏంటత్తా, చిక్కిపోయావు?" అంది.

"చిక్కక ఏం చేస్తాను అల్లుడూ? కొత్త ఒక వింత, పాత ఒక రోత."

"తప్పు నీదే. చెంబు పట్టుకుని కూర్చోగానే ధార వదిలేస్తావు. అడగ్గానే ఇచ్చేవాళ్ళంటే ఎవరికైనా లోకువే. ఎగచేపి చూడు."

ఎగచేపడమంటే పొదుగులోకి దిగబోయే పాలను బిగబట్టుకోవడం. అలిగిన గేదెకు ఈ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. సింగారికి సలహా నచ్చింది గానీ, కన్నకడుపు కదా, "మరి నా పెయ్య?" అంది. చెంబులోకి రాని పాలు దూడ నోట్లోకి మాత్రం ఎలా వస్తాయి?

"నాలుగు రోజులే కదత్తా. ఆ మాత్రానికి పెయ్య చస్తుందా?" అంది నక్క, పెయ్య వైపే చూస్తూ.

మర్నాడు చెంచులక్ష్మి దూడను వదిలింది. అది ఎంత కుమ్మినా పాలు దిగలేదు. తర్వాత తను పిండి చూసింది, చుక్క రాలేదు.

"ఏమైంది తల్లీ, ఒంట్లో బాగాలేదా?" అని మెడ నిమిరింది. మెంతులు, బెల్లం కలిపి నోటికి పెట్టింది. సింగారి కమ్మగా తినేసి మళ్ళీ బిగబట్టింది.

"చూశావుటే పొడా," అంది గర్వంగా. "ఇప్పుడు ఎవరి చుట్టూ తిరుగుతున్నారో?"

నాలుగో రోజుకు పెయ్య నీరసపడింది. "అమ్మా, ఆకలి," అంది.

"ఇంకో రెండు రోజులు ఓర్చుకో. దానికి కప్పినట్టు నాకూ గోనెపట్టా కప్పనీ."

పొడ ఉండబట్టలేక, "అక్కా, పెయ్య డొక్కలు బయటపడ్డాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నా మీద కోపం దాని మీద చూపకు," అంది.

"నా మెంతులు చూసి నీకు కుళ్ళు," అని తోక విసిరి పోయింది సింగారి.

ఎనిమిదో రోజు మేతకు పోతుంటే పెయ్య నడవలేక వెనకబడింది. సింగారి ఎప్పటిలాగే అందరికన్నా ముందుంది. తుప్పల్లోంచి నక్క దూకి పెయ్య కాలు పట్టుకుంది. వెనక వస్తున్న పొడ చూసి, కొమ్ములొంచి ఒక్క పోటు పొడిచింది. నక్క ఎగిరి ముళ్ళకంపలో పడింది.

సింగారి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. "ఒరే అల్లుడూ, నా బిడ్డ మీదికేనా వచ్చావు?"

"ఎగచేపమన్నాను గానీ, నీ కోసమని ఎప్పుడన్నానత్తా?" అంటూ నక్క కుంటుకుంటూ పోయింది. ఎనిమిది రోజులు పొంచి ఉన్నదానికి ఒంటినిండా ముళ్ళే మిగిలాయి.

ఆ సాయంత్రం సింగారి ప్రాణమంతా పొదుగులోకి తెచ్చుకుని నిలబడింది. పెయ్య కుమ్మింది, చప్పరించింది, కాసేపటికి వదిలేసింది. వాడకుండా వదిలేసిన పాలు ఎవరి కోసమూ ఆగవు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

"వట్టిపోయిందే," అన్నాడు గురవయ్య పెళ్ళాంతో. "ఎండలు ముదిరితే బీడులో గరిక ఒకదానికే చాలదు. శుక్రవారం సంతకు తోలేస్తాను."

"మరి పెయ్య?"

"అది మనకుండాలి. రేపు పెరిగితే అదే మన పాడి."

సింగారి విన్నది. ఆ పూట మేత ముట్టలేదు.

శుక్రవారం పొద్దున గురవయ్య దానికి పలుపు కట్టాడు. అవతల చెంచులక్ష్మి పెయ్యను పొడ దగ్గరకు తోసింది. పొడ తన్నలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. పెయ్య తోకాడిస్తూ గుటగుటా తాగింది.

నిజం చెప్పాలి కదా, అప్పుడు కూడా సింగారికి ముందు వచ్చింది కుళ్ళే. నా బిడ్డ దాని కిందా, అనుకుంది. తర్వాతే కళ్ళనీళ్ళు వచ్చాయి.

"పొడా," అంది, "అది తాగేటప్పుడు గట్టిగా కుమ్ముతుంది. విసుక్కోకే."

"విసుక్కోను అక్కా."

గురవయ్య పలుపు లాగాడు. సింగారి రెండుసార్లు అరిచింది. పెయ్య తల ఎత్తలేదు, ఎన్నాళ్ళ ఆకలో అది.

పక్కదాని తొట్టి చూసి కుళ్ళుకుంటే, ఎండేది మన దూడ నోరే.