నల్లజీడి గుర్తు

తూర్పు రాజుకీ పడమటి రాజుకీ యుద్ధం ముదిరింది. మధ్యలో ఉన్న వేగూరు బుల్లి రాజ్యం. మేం ఎవరి పక్షమూ కాదని వేగూరు మంత్రి రోజూ కొలువులో గొంతు చించుకునేవాడు.

ఒకరోజు చాకలి నూకాలు మూటతో కొలువుకొచ్చింది.

"పొలిమేరలో దిగిన పడమటి సేన ఈ ఎర్రంగీలు పంపింది బాబయ్యా. ఉతికిస్తే కొత్తవాళ్లకు తొడుగుతారట. ఎవరికివ్వాలో తెలీకుండా ఉంది."

"ఎర్రరంగు వాళ్లదేగా! వాళ్లకే ఇచ్చెయ్" అని మంత్రి విసుక్కున్నాడు.

"ఎరుపు మొదటి ఉతుక్కే పోయింది బాబయ్యా. ఏ ఇంటి బట్టో తెలియాలని నల్లజీడి రసంతో నేను పెట్టిన గుర్తులు పోలేదు. ఇవి మన తొమ్మిదిళ్ల కుర్రాళ్లవి."

"అబద్ధం! మనవాడొక్కడూ యుద్ధానికి పోలేదు. అందరూ కోటలోనే కాపలా ఉన్నారు."

"ఎంత చల్లని మాట చెప్పారు! అయితే ఆ తొమ్మిదిమందినీ ఇలా పిలిపించండి. ఎవరి అంగీ వాళ్ల చేతికిచ్చి పోతాను."

పిలుచుకు రమ్మని మంత్రి ఎవరినీ పంపలేదు. వాళ్లిక రారని కొలువంతటికీ అర్థమైంది. రాజు తల దించుకుని, కుర్రాళ్లను పంపేందుకు పడమటి రాజుతో చేసుకున్న రహస్య ఒప్పందాన్ని ఆ పూటే చింపేశాడు.

అందరూ నూకాలు తెలివిని మెచ్చుకుంటుంటే ఆమె వినిపించుకోకుండా మూటెత్తుకుని ఊళ్లోకి నడిచింది.

మరక మిగిలిందనో చిరిగిందనో ఏదో ఒక ఇంట్లో ఆమెకు రోజూ చివాట్లే. ఆ రోజు ప్రతి అంగీకీ మరకా ఉంది, చిరుగూ ఉంది. తొమ్మిదిళ్లలో ఒక్కరూ వంక పెట్టలేదు.