గోడ కోసం దాచిన బియ్యం

జెకర్యా అయ్యగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి ముఖం ఒకసారి చూసి, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవారు. జవాబు ఆ తరవాత ఎప్పుడో, దారిలో ఎక్కడో ఎదురయ్యేది. ఆయన దగ్గర పరిచర్య నేర్చుకుంటున్న నతానియేలుకి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఆ రోజు ఓపిక పట్టలేకపోయాడు.

ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? ముందురోజు, బుధవారం సాయంత్రం కూడికలో అందరూ కళ్ళు మూసుకుని ఉండగా, దిగువపేట కుర్రాళ్ళు నలుగురు చర్చి కిటికీల మీద రాళ్ళు రువ్వి పారిపోయారు. అద్దం పెంకు ఎగిరి నతానియేలు తల్లి సుగుణమ్మ నుదుటికి తగిలింది. కుట్లు పడ్డాయి. స్టేషనుకి వెళితే "చూస్తాం" అన్నారు. ఆ చూడటం ఇంకా మొదలవలేదు. పైగా ఊళ్ళో పెద్దమనుషులనిపించుకునేవాళ్ళు వచ్చి, "మీరూ కాస్త గొంతు తగ్గించి పాడుకోవచ్చు గదా" అని సలహా ఇచ్చి పోయారు. దెబ్బ తిన్నవాడికే బుద్ధులు చెప్పడం మన లోకానికి వెన్నతో పెట్టిన విద్య.

"అయ్యగారూ, ఇలాంటి రోజుల్లో సంఘాన్ని ఎలా కాపాడుకోవాలండీ? ఇంకా ఎన్నాళ్ళు చేతులు కట్టుకుని ప్రార్థన చేస్తాం?" అన్నాడు నతానియేలు.

అయ్యగారు పగిలిన కిటికీకి అట్టముక్క కడుతున్నారు. "ఆ పురికొస ఇటివ్వు," అన్నారు, అంతే.

జవాబు సంఘపెద్ద పరంజ్యోతిగారు చెప్పారు. చర్చి చుట్టూ నిలువెత్తు గోడ కట్టి గేటు పెట్టాలన్నారు. దానికి బియ్యం ఉన్నాయి. ఆ సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఇంట్లో తినేవాళ్ళకి చాలకపోయినా ఆ పిడికెడు మాత్రం తప్పదు. ఆదివారం కొంగున కట్టి తెచ్చిన ఆ బియ్యమంతా పక్కగదిలో గోనెసంచుల్లో చేరుతుంది. సంచులు మారిపోకుండా వాటిమీద నీలిరంగుతో సిలువ గుర్తు వేయించారు. ఏటా కోత పండుగకి పేదసాదలకు పంచే ఆ బియ్యాన్ని ఈసారి అమ్మి గోడ కడదామంటే అందరూ సరే అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది నతానియేలే.

వారం తిరక్కుండా గోదావరి పొంగింది. చర్చి ఉన్న పేట మెరకమీద ఉంది కాబట్టి దానికి భయం లేదు. దిగువపేట వెనక ఏటిగట్టుకి మాత్రం బుంగ పడింది. అది గండిగా మారితే పేట పేటంతా కొట్టుకుపోతుంది. అక్కడ బడి కట్టడానికి తోలించిన ఇసుక గుట్ట ఉంది గాని, నింపడానికి సంచుల్లేవు. జనం తట్టలతో మట్టి పోస్తుంటే పోసింది పోసినట్టే కరిగిపోతోంది. మధ్యాహ్నం ఆ పరిస్థితి కళ్ళారా చూసి వచ్చిన అయ్యగారు, తనే చర్చి గంట తాడు పట్టుకుని ఆపకుండా కొట్టారు.

సంఘమంతా వచ్చింది. ఎలా వచ్చింది? తెల్లబట్టలు కట్టుకుని, బైబిళ్ళు చంకన పెట్టుకుని వచ్చింది. గుమ్మం బయట చెప్పులు వరసగా విడిచి, మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ముసుగులు వేసుకుని ఎడమవైపు, చాపలమీద సర్దుకుని కూర్చున్నారు. గంట మోగితే ప్రార్థనకే గదా మరి! పరంజ్యోతిగారు లేచి, వరద తీసేదాకా గొలుసు ప్రార్థన చేద్దామని, ముందు ఎవరు, తరవాత ఎవరు అన్నది కూడా చెప్పేశారు. అవతల గట్టు జారిపోతోంది, ఇవతల వంతులు కుదురుతున్నాయి.

అప్పుడు అయ్యగారు లోపలికి వచ్చారు. మోకాళ్ళదాకా బురద. కాళ్ళకి చెప్పులు! ఆ చర్చిలో చెప్పులతో అడుగుపెట్టినవాడు అంతవరకు లేడు. ముసలమ్మలు నోటిమీద చెయ్యి వేసుకున్నారు. ఆయన ఎవరినీ చూడకుండా పక్కగదిలోకి వెళ్ళి, ఒక సంచి ఈడ్చుకొచ్చి, మూతి విప్పి బియ్యం చాపమీద గుమ్మరించారు. ఖాళీ సంచి దులిపి భుజాన వేసుకుని రెండోదానికి వెళ్ళారు.

పరంజ్యోతిగారు అడ్డం వచ్చారు. "అయ్యగారూ! అది దేవుడి సొమ్మండీ!"

"అవునండీ. అందుకే నేలమీద పొయ్యలేదు, చాపమీద పోశాను. గట్టుమీద ఉన్నోళ్ళు పొద్దుట్నించీ తిండి తినలేదు. వండించండి. సంచులు నాకు కావాలి."

నతానియేలు లేచి నిలబడ్డాడు. ఒళ్ళు మండిపోతోంది. "మా అమ్మ నుదురు పగలగొట్టినోళ్ళకాండీ మన సంచులు?"

అయ్యగారి కోపం ఎన్నడూ చూడని సంఘం ఆ రోజు చూసింది. "రాళ్ళు విసిరింది నలుగురు. మునిగేది పేటంతా! మన కిటికీలు పగిలిననాడు ఊళ్ళో ఒక్కడూ సాయానికి గుమ్మం దిగి రాలేదని కుమిలిపోయారే, మరి ఇప్పుడు మీరు చేస్తున్నదేంటి? నేను గంట కొట్టింది మిమ్మల్ని కూర్చోమని కాదు!"

ఎవరూ కదల్లేదు. కదిలింది సుగుణమ్మ. పైటకొంగు నడుముకి దోపుకుని, ఇంకో సంచి మూతి విప్పుతూ కొడుకుతో, "పట్టు, బాబూ. కొంగున కట్టి తెచ్చినదాన్ని నేను. నాకు లేని బాధ నీకెందుకు?" అంది. ఆ తరవాత ఒక్కొక్కరే లేచారు. పరంజ్యోతిగారు అందరికన్నా ఆఖర్న లేచారు గాని, లేచారు.

గట్టు దగ్గర సుగుణమ్మ ఇసుక ఎత్తి పోస్తుంటే ఒక కుర్రాడు వచ్చి సంచి మూతి పట్టుకున్నాడు. నతానియేలు వాణ్ణి గుర్తుపట్టాడు. రాళ్ళు పడ్డాక కిటికీ దగ్గరికి పరుగెత్తినప్పుడు బయట కనిపించిన మొహం అదే. ఆ కుర్రాడు ఆవిడ నుదుటి కట్టు చూశాడు. తల దించుకున్నాడు. చేతులు వదులయ్యాయి.

"సరిగ్గా పట్టుకోరా నాయనా, ఇసుకంతా కింద పోతోంది," అంది సుగుణమ్మ.

నతానియేలు పిడికిలి పార మీద బిగుసుకుంది. వాణ్ణి అక్కడికక్కడే క్షమించేశాడని చెబితే అబద్ధమవుతుంది. సంచి నిండింది, మూతి కట్టాలి, కట్టాడు. చెరో కొస పట్టుకుని ఇద్దరూ దాన్ని గట్టెక్కించారు. మళ్ళీ వచ్చి ఇంకోటి పట్టారు. పొద్దు వాలేసరికి బుంగ మూసుకుంది. గోడ కోసం దాచిన బియ్యం వండి, గట్టుమీదే రెండు పేటలవాళ్ళూ విస్తళ్ళలో తిన్నారు.

వరద తీసింది. చర్చికి గోడ లేదు, గేటు లేదు, పక్కగదిలో గింజ లేదు. కిటికీకి అట్టముక్క అలాగే ఉంది. స్టేషనువాళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ సంగతి తలుచుకుంటే నతానియేలుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక ఉదయం చర్చి మెట్లు కడుగుతున్న అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "ఇంతకీ మన గోడ సంగతేంటండీ?" అని అడిగేశాడు.

అయ్యగారు చీపురు పక్కన పెట్టి, మెరకమీంచి దిగువపేట కేసి చూశారు. ఇళ్ళ వెనక, గట్టుకి బుంగ పడినచోట, నీలి సిలువ గుర్తుల సంచులు వరస మీద వరస పేర్చి ఉన్నాయి. వాటి కింద ఎవరిదో పొయ్యి పొగ లేస్తోంది.

"కట్టేశాం గదయ్యా," అన్నారు. "కాస్త అవతలగా పడింది, అంతే."