హంస బొమ్మ పెట్టుకున్న నక్క

చెరుకు తోట పక్కనున్న కోళ్ల దొడ్డిలో అందరికీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. ఎలా వచ్చాయని నన్నడగకండి. నక్క మాట్లాడిందంటే నమ్మేవాళ్లు, నక్క గోటితో టైపు చేసిందంటే మాత్రం నమ్మరా? దొడ్డి మొత్తానికీ ఒక గ్రూపు ఉండేది. దానికి అడ్మిన్ గేదె. ఆవిడ ఏదీ చదవదు, ఎవర్నీ తీసెయ్యదు, నెమరేస్తూ కూర్చుంటుంది. కాపలా కుక్క కూడా గ్రూపులో ఉంది గానీ, అది అన్నీ చదువుతుంది, ఏమీ రాయదు.

ఆ వేసవిలో దొడ్డికి కొక్కెర తెగులు తగిలింది. పొద్దున తిరిగిన కోడి సాయంత్రానికి మెడ వాల్చేసేది. కొంగ డాక్టరు రోజూ గ్రూపులో పోయినవాళ్ల లెక్క పెట్టి, "తెగులు తగ్గేదాకా ఎవరి గంప కింద వాళ్లుండండి" అని చెప్పేది. కనబడకుండా పోయిన తెల్ల పెట్ట లాంటివాళ్లతో కలిపి లెక్క ఇరవైకి చేరింది. ఆ ఇరవైలో చుక్కల పెట్ట చెల్లెలు కూడా ఉంది. చుక్కల పెట్ట ఏడుపు దిగమింగుకుని, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని గంపలో కూర్చుంది.

కోళ్లన్నీ ఇలా గంపల్లో దూరేసరికి, చెరుకు తోటలో ఉండే నక్కకి పొట్ట వీపుకి అంటుకుపోయింది. కొన్నాళ్లు పీతలు తిని చూసింది. నోటికి హితవుగా లేవు. ఇక లాభం లేదని ఫోన్లో హంస బొమ్మ పెట్టుకుని, 'నిజం హంస' అని పేరు పెట్టుకుని గ్రూపులో చేరింది. పాలనీ నీళ్లనీ వేరు చేసేది హంసే కదా, ఎవరు మాత్రం అనుమానిస్తారు?

"తెగులు లేదు, గిగులు లేదు! అంతా కొంగ డాక్టరు అల్లిన కట్టుకథ. గంపల్లో గాలాడకే కోళ్లు చస్తున్నాయి. సాయంత్రం చల్లగాలికి చెరుకు గట్టు మీద తిరగండి. దీన్ని పది మందికీ పంపండి!"

డేగపుంజు అది చదివీ చదవగానే పది మందికీ పంపేసి, పక్క గంపలోకి కేకేసింది.

"చూశావా చుక్కమ్మా! నే ముందే అన్నానా? మీ చెల్లి తెగులుతో పోలేదు. దానికి ఎప్పట్నించో దగ్గుంది."

"అది నా పక్కనే మెడ వాల్చింది బావా. ఫోన్లో చూసి నువ్వు నాకు చెప్తావేంటి?"

"నువ్వొక్కదానివి చూస్తే సరిపోదమ్మా. పెద్ద లెక్కలు వేరే ఉంటాయి," అంది పుంజు. దానికి తన కాలివేళ్లు దాటి లెక్క రాదు.

పొద్దు వాలేసరికి గంపలు ఒక్కొక్కటే కదలడం మొదలెట్టాయి. చుక్కల పెట్ట పెద్దపిల్ల కూడా, "అమ్మా, అందరూ వెళ్తున్నారు, నేనూ వెళ్తా," అంటూ ముక్కుతో గంప ఎత్తుతోంది. పెట్ట పిల్లని కాలితో తొక్కిపట్టి, ఫోన్ లాక్కుని ముక్కుతో టకటకా పొడిచింది.

"హంసగారూ, తెగులే లేకపోతే ఇంతమంది ఎలా పోయారండీ?"

"అలా అడుగు! అందులో సగంమందిది అసలు తెగులే కాదు. వేరేగా పోయినవాళ్లని కూడా డాక్టరు అందులోనే కలిపేసింది."

"వేరేగా అంటే?"

"నక్క తినేసింది. నక్క తిన్నవాళ్లని కూడా కలిపితే లెక్క పెరగదా మరి?"

పెట్ట ముక్కు అక్కడే ఆగిపోయింది. కనబడకుండా పోయినవాళ్లు తెగులుతోనే ఎక్కడో పడిపోయారని దొడ్డంతా అనుకుంది. నక్క సంగతి కుక్కకి కూడా తట్టలేదు. మరి ఈ హంసకెలా తెలిసింది? పెట్టకి విషయం అర్థమైంది. అర్థమైనట్టు మాత్రం కనబడనివ్వలేదు.

"ఊరుకోండి! ఇక్కడున్నది ఒక్క ముసలి నక్క. దానికి పీత దొరకడమే కష్టమట. అది కోడిని పట్టడమేంటి, నవ్వొస్తోంది. డాక్టరు లెక్కే సరైంది."

డేగపుంజుకి పౌరుషం వచ్చింది. "హంసగారూ, ఆధారం పెట్టి ఈవిడ నోరు మూయించండి!"

"ఆధారం! ఆధారం!" అని మిగతా కోళ్లూ అందుకున్నాయి.

నక్కకి ఒళ్లు మండిపోయింది. ఆకలీ గుర్తు లేదు, వేసిన ఎత్తూ గుర్తు లేదు. అంతమంది ముందు ఒక కోడిపెట్ట తనని తీసిపారేసిందన్నదే బుర్రలో తిరుగుతోంది.

"ముసలి నక్కా? ఆ తెల్ల పెట్టని ఎత్తుకెళ్లింది నేనే! పంపు షెడ్డు వెనక నా బొరియలో ఈకలున్నాయి, కళ్లు తెరిచి చూస్కోండి!"

వెంటనే ఫొటో కూడా పెట్టింది. అందులో ఈకల కుప్ప, దాని పక్కన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మూతి. అది హంస మూతి కాదు.

గంపలన్నీ దబదబా నేలకి దిగాయి. పెద్దపిల్ల తల్లి రెక్క కిందికి దూరింది. నక్క నాలుక్కరుచుకుని ఫొటో చెరిపేయబోయింది గానీ, అప్పటికే కుక్క మొదటిసారి గ్రూపులో రాసింది.

"వస్తున్నా."

ఆ సాయంత్రం నక్క చెరుకు తోట దాటి, కాలువ దాటి, సగం తోక కుక్క నోట్లో వదిలేసి మరీ పారిపోయింది. మళ్లీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

మర్నాడు కొంగ డాక్టరు, నక్క తిన్నవాళ్లని లెక్కలోంచి తీసేసి, "పొరపాటైంది, మన్నించండి," అని రాసింది. డేగపుంజు రొమ్ము విరుచుకుంది.

"చూశావా చుక్కమ్మా, లెక్క తప్పని నేనన్లా?"

"అన్నావు బావా. కానీ మా చెల్లి ఇంకా ఆ లెక్కలోనే ఉంది," అంది చుక్కల పెట్ట. పుంజు గంపలోకి తల లాక్కుంది.

అబద్ధాన్ని గెలిపించాలని పంతానికి పోయినవాడు తన గుట్టు తానే బయటపెట్టుకుంటాడు.