చెంప మీద లేని కన్నీరు

ఫ్రెంచివాళ్ల కాలంలో యానాంలో ఫిలిబర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఉండేవాడు. చెయ్యి తిరిగినవాడే కాని, ఎదుటి మనిషిని చూడకముందే బొమ్మ ఎలా ఉండాలో తేల్చేసుకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. తెలుగు కూడా ముద్దుముద్దుగా మాట్లాడేవాడు.

ఒకసారి అతను జాలరిపేటలో చేపలు ఎండబెట్టే నూకాలు బొమ్మ వెయ్యబోయాడు. ఆమె మొగుడు రంగూన్ వెళ్లే ఓడలో పనిచేసేవాడు. వెళ్లి నెలలు గడిచాయి. మొగుడు దూరమైన తూర్పుదేశపు ఆడది సముద్రంవైపు చూస్తూ కుమిలిపోవాలని ఫిలిబర్ లెక్క. వాళ్ల దేశంలో అలాంటి బొమ్మలంటే పడిచచ్చేవారు మరి. నూకాలుకేమో నోరు విప్పితే నవ్వే. చేపలు తిరగేస్తూ నవ్వేది, కాకుల్ని అదిలిస్తూ నవ్వేది. నవ్వొద్దని దొర బతిమాలితే దానికీ నవ్వేది. చివరికి అతను విసిగిపోయి, ఆమె చెంప మీద లేని కన్నీటి బొట్టును తనే వేసేశాడు.

బొమ్మ పూర్తికాగానే దాన్ని ఆమె గుమ్మం ముందు నిలబెట్టి పేటవాళ్లను పిలిచాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. బొమ్మ చూడగానే అందరూ వెనక్కి జరిగారు. నూకాలు అత్త పోలమ్మ గబగబా ముందుకొచ్చి, ఇంకా ఆరని ఆ కన్నీటిని పమిట చెంగుతో తుడిచేసింది. చెంప మీది రంగంతా అలుక్కుపోయింది.

ఫిలిబర్ మండిపడ్డాడు. తన కష్టమంతా మట్టిపాలు చేశావన్నాడు.

"నా కొడుకు సముద్రం మీదున్నాడండి," అంది పోలమ్మ. "ఆడు తిరిగొచ్చేదాకా ఈ గుమ్మంలో కన్నీరు పడకూడదండి. పడితే ఓడకి కీడండి."

అది ఆ పేటవాళ్ల నమ్మకం. దొర నూకాలు వైపు తిరిగాడు. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

"నాకు బెంగ లేదనుకున్నారా దొరగారూ? నవ్వు ఆపితే ఏడుపొచ్చేత్తాదండి. అందుకే నవ్వుతా ఉంటాను," అంది.

ఫిలిబర్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చుని కూడా, ఆ నవ్వు ఎందుకో అతను ఒక్కసారీ అడగలేదు. పాపం, నిజంగానే సిగ్గుపడ్డాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి కుంచె పక్కన పెట్టి, ఆమె మొగుడి కబుర్లు చెప్పించుకుని విన్నాడు. ఆ తరువాతే, అలుక్కుపోయిన చెంపను సరిచేసి, ముఖంలో నవ్వు వేశాడు.

పోలమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఇదండి మా కోడలు," అంది.

ఎదుటివాళ్ల మనసును మనమే ఊహించేసుకోకూడదు, అడిగి తెలుసుకోవాలి.