దాపటెద్దు పంపిన కబురు

కొండ కింద, వాగు పక్కన ఒక రైతు దొడ్డి ఉండేది. ఆ దొడ్లో నల్లన్న అనే ఎద్దు మేత ముందున్నా ముట్టకుండా కొండవైపు చూస్తూ నిలబడేవాడు.

నల్లన్న దాపటెద్దు, అంటే కాడికి ఎడమపక్క కట్టే ఎద్దు. కుడిపక్క ఇన్నేళ్లూ పుల్లన్న నడిచాడు. కోతలయ్యాక రైతు పుల్లన్నను వాగు అవతల, కొండ చాటునున్న ఊరికి అమ్మేశాడు. ఇప్పుడా చోట ఓ కుర్ర గిత్తను కడుతున్నారు. పాపం, దాని తప్పేమీ లేదు. కానీ నాగటి చాలు మలుపు తిరిగేటప్పుడు నల్లన్న భుజం ఇంకా పుల్లన్న భుజం కోసమే ఒరుగుతుంది.

ఆ రెండూళ్ల మధ్య కబుర్లు మోసే అంచె ఒకటి నడిచేది. దొడ్డి నుంచి పొలిమేర దాకా ఉడత, అక్కణ్ణుంచి వాగు దాకా తొండ, వాగు దాటించేది కొంగ. అంచెకు పెద్ద నక్క. ఆ పెద్దరికం అడ్డం పెట్టుకుని పట్టపగలే కోళ్లగూటి ముందు దర్జాగా తిరిగేవాడు.

“కబురేంటి నల్లన్నా?” అంది ఉడత.

“‘నేను నీ దాపటెద్దుని. అమావాస్య నాడు నాగలి కట్టరు. ఆ రోజు నన్ను ఎగువ రేవుకి నీళ్లకు తోలతారు. నువ్వూ రా. ఒక్కసారి చూడాలనుంది’ అని చెప్పమ్మా.”

నక్క పకపకా నవ్వాడు. “అంత మూట మోస్తే దాని నడుం విరిగిపోదూ? మా అంచెకో పద్ధతుంది. కబురందుకునేవాడు అడిగిందే చెప్పాలి, అడగంది అక్కడే వదిలెయ్యాలి. బరువు తగ్గితే పరుగు పెరుగుతుంది.”

“వదిలేసిందే కావాల్సిందైతేనో మావా?”

“ఎద్దువి, నీకెందుకయ్యా అంచె సంగతులు!”

ఎద్దు పుండు కాకికి నొప్పా?

పొలిమేరలో తొండ తలూపుతూ అడిగింది. “ఎవరికి? ఏమని?”

“పుల్లన్నకి. రేవుకి రమ్మని” అంది ఉడత. తొండ అంతకుమించి అడగలేదు కాబట్టి ఉడత చెప్పలేదు. వాగు ఒడ్డున కొంగ కూడా ఆ రెండే అడిగింది.

“పుల్లన్నా, నిన్ను రేవుకి రమ్మన్నారు” అంది కొంగ అవతలి గట్టున వాలి.

“ఎవరమ్మా?”

“నాకు చెప్పలేదు.”

“ఎప్పుడు రమ్మన్నారు?”

“నేనడగలేదు.”

“ఏ రేవుకి?”

“మీ ఊళ్లో ఉన్నది దిగువ రేవొక్కటేగా!”

పుల్లన్నకు ఒక్కడే గుర్తొచ్చాడు. కానీ ఎలా నమ్మడం? మేతకు వదిలినప్పుడల్లా దిగువ రేవులో దిగి నిలబడ్డాడు. అమావాస్య నాడు నల్లన్న ఎగువ రేవులో ఎదురుచూశాడు. పొద్దు వాలినా, పాలేరు ముల్లుకర్రతో పొడిచినా కదల్లేదు. అతని మూతి తాకిన నీళ్లే కిందికి పారి పుల్లన్న మూతినీ తాకాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

మర్నాడు కొంగ వచ్చి జరిగిందంతా చెప్పింది. నల్లన్న కళ్లు చెమ్మగిల్లాయి. “వాడడిగినవన్నీ నేను చెప్పే పంపానమ్మా” అన్నాడు.

నక్క మాత్రం, “కబురందిందా లేదా? మా పని అయిపోయింది” అన్నాడు.

నల్లన్న కాసేపు నెమరేశాడు. “నిజమే మావా. ఇంత మంచి అంచె చేతిలో పెట్టుకుని నీ ఇంటిదానికి ఒక్క కబురూ పంపవేం? వాగు అవతల ఒంటరిగా ఉందటగా.”

నక్క ఉబ్బిపోయాడు. “ఒసే ఉడతా! మా ఆవిణ్ణి కల్లానికి రమ్మను, గడ్డివాము వెనక కోడిపెట్ట పొదుగుతోంది. ఊరి దారిన మాత్రం వద్దను, కుక్కలున్నాయి. జమ్ముగడ్డి చాటున రావాలి.”

తొండ అడిగింది, ఎవరికి, ఏమని. కొంగా అదే అడిగింది. నక్క పెళ్లాం దగ్గరికి చేరింది ఒక్కటే ముక్క: కల్లానికి రా. అంచె కబురంటే మొగుడిదేనన్న సంబరంలో ఆవిడ తిన్నగా ఊరి దారి పట్టింది. కుక్కలు విరుచుకుపడితే తోక సగం వాటి నోట వదిలి కొండ దాటి పారిపోయింది.

“కుక్కలున్నాయని చెప్పానే!” అని గోలపెట్టాడు నక్క.

“తొండ అడగలేదు” అంది ఉడత.

“కొంగ అడగలేదు” అంది తొండ.

నక్క గట్టున కూలబడి కొండవైపే చూస్తూ ఉండిపోయాడు. నల్లన్న వెళ్లి పక్కన నిలబడ్డాడు. వెక్కిరించబుద్ధి కాలేదు. ఆ చూపు అతనికి బాగా తెలుసు.

“మావా, మూట విప్పి ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకోండి. కానీ మళ్లీ కట్టి మొత్తం ముందుకు పంపండి.”

నక్క తలూపాడు. ఇప్పుడు తన కబురూ పూర్తిగా అందాలి మరి.

అదే కబురు మళ్లీ పంపి, తర్వాతి అమావాస్యకు నల్లన్న ఎగువ రేవులో నిలబడ్డాడు. కొండవాలు దిగి పుల్లన్న వచ్చాడు. పలకరింపుల్లేవు. నీళ్లలోకి నడిచి, నల్లన్నకు కుడిపక్కన తన చోట్లో నిలబడ్డాడు. నల్లన్న భుజం అలవాటుగా ఒరిగింది. ఈసారి అక్కడ పుల్లన్న భుజం ఉంది.

గట్టు మీద నక్క ఇంకా కొండవైపే చూస్తున్నాడు. అతని కబురు ఈసారి అక్షరం పోకుండా అందింది. ఆవిడకే ఇక ఆ కబుర్ల మీద నమ్మకం లేదు.

మోసేవాడికి పనికిరాని మాటే, ఎదురుచూసేవాడికి ప్రాణం.